యాభై లోపే

వేపేరి పశువుల ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నాది.
పదకొండు దాటాక, వానలో
ఎంపీ తణికాచలం గారొచ్చారు.
గన్‌మెన్ లేడు, భుజాన కండువా లేదు.
అది చేతుల్లో ఉంది,
అందులో కుక్క.

"మా బండే," అన్నారు,
మైకు ముందు ఎన్నడూ మాట్లాడని
ఇంటి తెలుగులో.
"డ్రైవరు ఆపుతానన్నాడు.
మీటింగుకి లేటని నేనే వద్దన్నా.
తిరిగొచ్చేసరికీ అక్కడే ఉంది."

రిజిస్టరు తెరిచాను:
నల్లది, ఆడది, వెనక కాలు నుజ్జు.
తెచ్చినవారు...
పెన్ను ఆగింది.
"రాయవయ్యా."

"మూగజీవాన్ని హింసిస్తే చట్టంలో ఎంత?"
"మొదటి తప్పుకి యాభై లోపేనండి.
అరవై నాటి రేటు."
జేబులోంచి యాభై తీశారు,
బల్లమీద పెట్టారు,
చాలాసేపు చూసి
మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.
గేటు బయట
రెండు టీలు, ఒక బన్ను దాని ఖరీదు.

ఇవాళ టీవీలో, సభలో లేచి
చట్టం మార్చమంటున్నారు, తమిళంలో.
వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు:
మనుషుల సంగతి చూడవయ్యా ముందు!
ఆయన ఆగారు.
ఆ రాత్రి సంగతి చెబుతారేమోనని
సౌండు పెంచాను.

చెప్పలేదు.
అంకెలు చదివారు, కూర్చున్నారు.

మూడో బోనులో నల్లది
ఆ గొంతుకి చెవులు నిక్కించింది.
గుర్తుపట్టో,
భయపడో.