దిగినంక ఎక్కొద్దు

నల్లగొండ కాలేజీ ల్యాబుల పదిహేడు స్విచ్చులు,
ఏ రెండూ ఒక్క ఈడువి కావు.
బ్యాంకోళ్లు పారేసినవి నాలుగు,
ఆఫీసు వేలంల తెచ్చినవి ఆరు,
మిగిలినవి ఎక్కడివో రిజిస్టర్ల కూడ లేదు.
గళ్లు గళ్లుగ అల్లుడు కుదరలే.
తీగ ఎంతదూరం అందితే అంతదూరం,
రంధ్రం ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ.
తుమ్మకంప లెక్క పెరిగింది నా నెట్‌వర్కు.

కార్తీకం చివర్ల ఒక రాత్రి అది ఆగింది.
కరెంటు పోలే. తీగ తెగలే.
ఆకుపచ్చ దీపాలన్నీ వెలుగుతనే ఉన్నయి,
రెప్ప మాత్రం కొడ్తలేవు.
మూడోదాని చేతిల ప్యాకెట్టు నిండుగుంది,
ఏడోదాన్ల జాగ కావాలె.
ఏడు పన్నెండు కోసం చూస్తంది,
పన్నెండు తొమ్మిది కోసం,
తొమ్మిది మల్ల మూడు కోసం.
ఎవరిదీ తప్పు కాదు.
అందరూ పట్టుకొనే ఉన్నరు, అందరూ అడుగుతనే ఉన్నరు.
ఒక ప్యాకెట్టును పడేసి దారి తీసిన.
తెల్లారేసరికి మల్ల అదే ముడి.

ఆదివారం మిర్యాలగూడ పోయిన.
బామ్మర్ది లింగస్వామి వడ్ల ట్రాక్టరు
రెండు దినాల్సంది మిల్లు దారిలనే ఉందన్నరు.
నేను పోయేసరికి రోడ్డు ఖాళీ.
"నిన్నటిదాక నాలుగు సందులల్ల నాలుగు లైన్లు,
ఒకని తొట్టి మీదికి ఇంకొని ఇంజను.
నేను వెనక్కి రావాలంటే వెనకోడు జరగాలె,
వాడు జరగాలంటే నేను ముందుకు పోవాలె.
ఒకడైతే కోపానికి లోడంత రోడ్డు మీదనే గుమ్మరిచ్చిండు."
"మరి ఎట్ల విడిచింది?"
"కాంటా సైదమ్మ."

వేబ్రిడ్జి గది కిటికీల మనిషి,
చెవి మీద సుద్దముక్క.
బయటికొచ్చి తారురోడ్డు మీదనే గీసి చూపింది.
"ఈ మిల్లులు ఎవడూ లెక్కజూసి కట్టలే బిడ్డా.
ఈ సందు ఆ సందుల తేలుతది, ఆ సందు గోడకు తగులుతది.
అందుకని నా కాంటానే గుట్టకొన అనుకున్న.
కాంటా దిక్కు వచ్చుడు ఎక్కుడు,
కాంటాకు దూరం పోవుడు దిగుడు.
ఎంతైన ఎక్కు, ఎంతైన దిగు.
దిగినంక మాత్రం ఎక్కొద్దు."
స్తంభం స్తంభానికి నంబరు రాసింది.
రెండు స్తంభాలు కాంటాకు సరిదూరమైతే
చిన్న నంబరే పైది.

"అంతేనా?" అన్న.
"గుండ్రంగ తిరిగి తన తోక తాను పట్టుకోవాలంటే
ఏ దారైన ఒక్కసారన్న దిగి, మల్ల ఎక్కాలె గద.
ప్రతి గుండ్రానికి ఒక పల్లం మూల ఉంటది.
ఆ మూల మలుపుల రాయి పెట్టిన."

నాకు నిద్ర పట్టని రాత్రులన్ని
ఆ రాయి మీద పోయి కూసున్నయి.

చీకటి పడకముందే నల్లగొండ వచ్చి
ఎక్కువ తీగలున్న అయిదోదాన్ని కొన అన్న.
ప్రతి తీగకూ ఒక కొస పైన, ఒక కొస కింద.
దీపాలు రెప్పలు కొట్టినయి,
ఒకటి, ఇంకోటి, ఎనకనే గుంపు.
ముడి పడలే. ఇప్పటిదాక పడలే.

కాని అబద్ధం చెప్పను.
రెండు బల్లల అవతలి మిషనుకు మాట పోవాలంటే
పక్క తీగ ఉండంగనే చుట్టు తిరిగి పోతది.
లింగస్వామి గొణుగుతడు:
"గోడ మీదికెల్లి మిల్లు పొగ కనబడ్తది,
అయినా కిలోమీటరు తిప్పుతది ఆ తల్లి."
ఎక్కేటోళ్లంత కొనకే ఎక్కుతరు కాబట్టి
అయిదోదాని వీపు మీద చెయ్యి పెడితే కాలుతది.
దానికొక్కదానికే టేబుల్ ఫ్యాను పెట్టిన.

మొన్న సైదమ్మకు ఫోను చేసిన.
పైపులైను కోసం ఒక సందు తవ్విన్రట,
నంబర్లు మొదటిసంది రాయాలట.
"బండ్లన్ని దాటినంకనే తుడుస్త.
పాత నంబరోడు, కొత్త నంబరోడు
ఒక్కతీరుగ తిరిగితే మల్ల ముడే."
మాట నడుమ హారన్లు.
"చాయ్ తెచ్చి గంటైంది, తాగనిస్తలేరు.
అందరూ నా తానకే వస్తరు గద," అని
పెట్టేసింది.

నేను లేచి
ఫ్యాను ఒక నంబరు పెంచిన.