తల నుంచి

తరమణిలో మూడో అంతస్తు. మే నెల.
ఏసీ కారుతున్న నీళ్లు బకెట్లో టప్ టప్.
మా పని, నీళ్ల లారీలకు ఇంటి దారి చెప్పడం.

పద్దెనిమిది వేల ఇళ్లు ఒకే జాబితాలో,
గొలుసులా, ఒకదాని కొనకి ఇంకోటి.
ఎవరిల్లు అడిగినా తల దగ్గర మొదలు:
నువ్వా? కాదు. నువ్వా? కాదు.
తిరువాన్మియూరు నుంచి పక్క స్టేషనుకి వెళ్లాలన్నా
మళ్లీ బీచ్ స్టేషనుకి పోయి రైలెక్కే మనిషిలా.

పొద్దున్న ఆరుకి మీట నొక్కితే
ఏడు కావస్తుండగా వచ్చేది లారీల పట్టీ.
డ్రైవర్లు అప్పటికి రెండో టీ తాగేసేవాళ్లు.
"ఈ భాషే అంత, మార్చేద్దాం" అన్నాడు మేనేజరు.
భాష ఏం చేసింది పాపం.
నడవమన్నాం, నడిచింది.

ఆ రాత్రి ఎళిలరసి, నేను, చల్లారిన బజ్జీలు.
జాబితాని ఒక్కసారి చెట్టుగా కట్టాం.
ఇప్పుడు అడగడమే వేరు:
నీకు కావలసింది నాకంటే ముందా, వెనకా?
సగం ఊరు ఒక్క మాటకి రాలిపోతుంది.
పదిహేను ప్రశ్నల్లో ఏ గడపైనా.
మార్చింది రెండే వరుసలు.
యాభై నిమిషాలు నాలుగు సెకన్లయింది.
ఎళిలరసి కుర్చీలో గిర్రున తిరిగింది.

మర్నాడు పదకొండుకి ఫోను.
మడిపాక్కం నుంచి ఆండాళమ్మ, మద్రాసు తెలుగులో:
"లారీ రాయపురానికి పోయిందంట గదా నాయనా,
ఆ ఇల్లు వదిలి ఆర్నెల్లాయెనే!"

ఒకే నంబరు మీద రెండు ఇళ్లు.
కొత్త చిరునామాని ఎప్పుడూ తలకే తగిలిస్తాం.
నడిచి వెతికే ఆ పాత మనిషి
మొదట తగిలిన ఇంటి దగ్గరే ఆగేవాడు,
అందుకే ఒక్కనాడూ తప్పలేదు.
చెట్టుకి ఆఖరున వచ్చినవాడిదే కుర్చీ.
కొన దాకా వెళ్లి, పాత ఇంటిని తెచ్చి
కొత్తదాని మీద కూర్చోబెట్టింది.
ఆ మెల్లని నడకలో ఒక న్యాయం ఉందని
ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు.
మేమూ అడగలేదు.

చెట్టు కట్టేముందు గొలుసుని తిరగేశాం.
ఒక్క మాట. నాలుగు సెకన్లు నాలుగు సెకన్లే.
సాయంత్రానికి మడిపాక్కానికి ఇంకో లారీ.

రాయపురంలో, తాళం వేసిన ఆ తలుపు ముందు
డ్రైవరు హారన్ కొట్టి కొట్టి
పక్కిళ్లవాళ్ల బిందెలన్నీ నింపి వచ్చాడట.
దాని మీద మాత్రం
ఇప్పటిదాకా ఫిర్యాదు రాలేదు.