గుడ్డకంటిన రంగు

ములుగు రోడ్డు మీద మా షాపుకు
ఇప్పుడు అద్దాల తలుపు, ఏసీ గది,
కప్పుకు తేనెపట్టు లెక్క లైట్లు.
యాకయ్య ఉస్తాదు మాత్రం
బయట మెట్టు మీదనే కూసుంటడు.
చెప్పులిడిచి లోపలికి రావాల్నంటే
"గుడికొచ్చిన్నా, గ్యారేజికొచ్చిన్నారా?" అంటడు.

ఆయన కాలంల పాలిషంటే
రేకు డబ్బాల ఇటుక రంగు ముద్ద.
మూత తీస్తే గాసునూనె వాసన.
ఆజంజాహి మిల్లు వేస్టు దూది
కిలోల లెక్కన తెచ్చి, తడిపి పిండి
మోచెయ్యి తిరిగినంత మేర గుండ్రంగ,
గుండ్రంగ,
ఎండ బానెట్ మీదికి ఎక్కకముందే.
పోరగాణ్ని నేను. దూది అందిచ్చుడు నా పని.
దూదిని చూస్తే కారు తెలిసేది.
నీలం దూది డాక్టరమ్మ ఫియేటు.
మెరూన్‌ది ఎనుమాముల మిర్చి సేటు అంబాసిడరు,
దాన్ని రుద్దుతుంటే ఇద్దరికీ తుమ్ములే.
రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు
గోర్ల సందుల ఎవలి కారో ఒకలది ఉండేది.
"మెరుపంటే అప్పురా," అనేటోడు ఉస్తాదు,
"కారు మీదికెల్లి తీసి కారుకే ఇస్తున్నం.
ఎప్పుడో ఓనాడు అసలు గూడ అయిపోతది."

ఇప్పటి రంగు మీద గాజసొంటి ఇంకో పొర.
మిషన్ తిరుగుతది, ఫోము తిరుగుతది,
గీతలు పోతయి, గుడ్డ తెల్లగనే వస్తది.
ఎవలి కారు తుడిచిందో గుడ్డకు తెల్వది.
సిరామిక్ సీసా ముప్పై మిల్లీలీటర్లు,
దాని ధరకు ఆనాడు ఏడాది దూది.
పూసినంక అయిదేండ్లు మల్ల రావద్దు.
రావద్దనే మాటనే మేం అమ్ముకునేది.
మైనం పూసిన కార్లు మూన్నెళ్లకోపారి వచ్చేటియి,
డాక్టరమ్మకు బిడ్డ పుట్టిందని
సేటుకు కాలు పడిపోయిందని
మాకట్ల తెలిసేది.

పాతదంత బంగారమని నేననను.
ఆ ముద్దల దుమ్ము ఇంకా ఉస్తాదు రొమ్ములనే ఉన్నది.
నడిరాత్రి దగ్గితే పక్కింటి లైటు వెలుగుతది.
వేలి మొనలు అరిగరిగి నున్నగైనయి.
రేషన్ షాపుల బొటనేలు పెడితే ఎర్ర లైటు,
చూపుడేలు పెడితే ఎర్ర లైటు.
డీలర్ సారంగపాణి "తుడిచి పెట్టు తాతా" అంటే
"ఇంక తుడువనీకేం లేదు బిడ్డా" అన్నడట.
ఆఖరికి కన్ను చూపిచ్చి బియ్యం తెచ్చుకున్నడు.

మొన్న ఆ ఫియేటు వచ్చింది.
డాక్టరమ్మనే తోలుకొచ్చింది,
కండ్లద్దాలు సీసా అడుగంత మందం.
"దీనికీ ఆ అయిదేండ్లది పూయి" అన్నది.
మిషన్ ఆనిచ్చి నిమిషం కాలే,
తెల్ల ఫోము నీలమైంది.
నా పాణం గుటుక్కుమన్నది.
గాజు పొర లేదు దీనికి, ఉన్నదంత రంగే.
మందం కొలిచే యంత్రం పెట్టి చూస్తే
నడుమ డెబ్బై, అంచు కాడ నలభై,
తలుపు పిడి కింద పద్దెనిమిది.

ఉస్తాదు లేచిండు.
చెప్పులిడిచి లోపలికొచ్చుడు అదే మొదలు.
గీతల్లేని బొటనేలుతోటి తలుపంత తడిమి
పిడి కింద ఆగిండు.
"ఈడ నేనే ఎక్కువ తీసిన.
మేడారం జాతర ముంగట, తొందర్ల.
ఇగ మిషన్ బందువెట్టు."

మిగిలింది మైనంతోటి, చేతులతోటి
ఇద్దరం పొద్దుగూకేదాక చేసినం.
బిల్లుల ఏం రాయాల్నో నాకు తెల్వలే.
"గ్యారంటీ ఎన్నేండ్లు?" అన్నది డాక్టరమ్మ.
"మూన్నెళ్లు" అన్నడు ఉస్తాదు, తల దించుకోని.
"మంచిది, వస్త" అన్నది.

ఆ రాత్రి ఏదో కొత్త కారుకు పూసిన సీసాల
అడుగున నాలుగు చుక్కలు మిగిలినయి.
ఉస్తాదు సైకిల్ మడ్‌గార్డుకు రాసిన,
చెప్పకుంట.
తెల్లారి ముసురు.
చినుకులు ముత్యాలై జారి పోతుంటే
మెట్టు మీదికెల్లి చానసేపు చూసిండు.
"ఒక్కటన్న నిలుస్తలేదేందిరా?" అన్నడు.
భుజం మీది తువ్వాల తీసి
పొడిగనే ఉన్న మడ్‌గార్డును
గుండ్రంగ, గుండ్రంగ తుడిచిండు.
తువ్వాల తిప్పి చూసుకున్నడు.