నూకలెక్కువైతే

జూన్ నెలొస్తే బంగారుపాళెంలో
ఈగలదే రాజ్యం.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
టోకెను కోసం రెండు రాత్రులు నిలబడిన ట్రాక్టర్లు.
లోపల బెంగళూరా కాయ పగిలి
పచ్చగా డ్రముల్లోకి పోతాది,
టెంకలు మా పక్కకొస్తాయి.

పదకొండేండ్లుగా నేను టెంకల పక్క మనిషిని.
పేరు కుప్పమ్మ.
"కుప్పకాడ కుప్పమ్మ" అని సూపర్వైజరు నవ్వతాడు,
మొదటేడు నేనూ నవ్వినాను.
ఆ పులుపు వాసన కోకకి పడితే
బస్సులో పక్క సీటు చిత్తూరుదాకా ఖాళీనే.

నువ్వొస్తివి అమ్మణ్ణీ,
తిరపతి యూనివర్సిటీ నుంచి, ముక్కుకి గుడ్డ కట్టుకోకుండా.
అందుకే నీతో మాట్లాడినాను.
మూడు మూటల టెంకలు ఎంతకిస్తావక్కా అంటే
నవ్వాపుకోలేకపోయినాను.
వాటిని పారబోసే లారీకి
మేమే దుడ్లిస్తా ఉండాము గదా!

మొక్కజొన్న పిండితో చేసిన ప్లాస్టిక్కంట,
మన్నులో మన్నయిపోతాదంట,
పిడికెడు గింజలే పిరమంట,
అందుకని టెంకపొడి కలిపి పెంచుతారంట.
"నింపుడు సరుకు" అన్నావు, గొంతు తగ్గించి,
నన్నేదో అన్నట్టు.
ఆ మాట నాకు కొత్తా?
గ్లాసు పాలు అయిదుమందికి ఎట్ల చాలిందో
మాయమ్మ నీళ్ళచెంబు నడుగు.

నెల దినాలకి మళ్ళా వొస్తివి.
చేతిలో బిస్కట్టు రంగు రేకు,
వంచితే చిటుక్కుమనింది.
"ముప్పై పాళ్ళేస్తే ఇంతేనక్కా."

మీ మిషన్లు నేను చూళ్ళేదు.
సంగటి చూసినాను.
"పొడిని జల్లెడ పట్టినావా? తడి ఆరిందా?
నూకలు లావైతే పిండి పట్టుకోదు,
నూకలెక్కువైతే ముద్ద నిలవదు,
తక్కువైతే కడుపు నిలవదు.
యాడ ఆపాల్నో తెడ్డు పట్టిన చెయ్యికి తెలుస్తాది."

నువ్వు నోటుబుక్కు తీసి రాసుకున్నావు.
పదకొండేండ్లలో
కూలి పద్దులో నా వేలిముద్ర పడింది గానీ
నా మాట యాడా పడలేదు.

ఆగస్టులో ఒక సంచి తెచ్చిస్తివి, మొక్కకి.
ఎండకి పట్టి చూస్తే
లోపలంతా సన్న చుక్కలు,
చెరగని రాగుల మాదిరి.
కరేపాకు నాటినాను.
తొంభై దినాలు నిలవాల్నన్నావు,
రెండో వానకే, నలభైకి, పక్క చీలి
వేరు బయటికొచ్చేసింది.
ఫోన్లో నీ గొంతు వణికింది.

ఏడవద్దు.
తొందరపడింది, అంతే.

ఆ మొక్కకి గుంత తవ్వతా ఉంటే
నల్ల కవరొకటి గడ్డపారకి చుట్టుకుంది.
మన్ను దులిపితే
గోవిందసామి అంగడి పేరు అచ్చంగా కనపడతా ఉంది,
ఫోను నంబరుతో సహా.
గోవిందసామి పోయి
ఆరేండ్లు.

వచ్చే జూనుకి నాలుగు మూటలు పక్కన పెడతాను.
ఈసారి జల్లెడ
మా ఇంటిది తెస్తాను.