గవరయ్య మాస్టారి గొంతు

గుణుపురం కాలేజీ వెనక
సిమెంటు కోర్టు మీద మూడు పగుళ్లు.
అన్నిటికంటే పొడుగుదానికి
వంశధార అని పేరు పెట్టుకున్నాం.
బంతి దానిమీద పడితే
ఎటు లేస్తుందో దానికే తెలీదు.

ఆ పగులుకి అవతల నిలబడి అరిచేవారు
దుంపల గవరయ్య మాస్టారు.
నోటీసు బోర్డు మీద ఒడియా,
ప్రిన్సిపాలు ముందు హిందీ,
మాకు మాత్రం తెలుగు.
అదీ తిట్టడానికి తీసిన తెలుగు,
అటక మీంచి దించిన రోకలిలాగా.

"ఓలే గుంటా, కాళ్లేటివి, కందికట్టెలా?"
"బంతిని సూడే, బరంపురం బస్సుని కాదు!"

గోడ అవతల జీడిపిక్కలు కొట్టే ఆడోళ్లు
చేతులాపి మరీ వినేవారు.
సాయంత్రం బజార్లో నన్ను చూసి
"కందికట్టె వస్తోందర్రా" అనేవారు.
నేను ఏడ్చేదాన్ని కాదు.
చెమట ఎక్కువ పట్టే ముఖం నాది,
అది చాలా సాయం చేసింది.

ఆ ఏడు బరంపురం మీద గెలిచాం.
రెండే రెండు పాయింట్లు.
అరుపుల వల్లే గెలిచారన్నారు అందరూ.
నేనూ అన్నాను.
ఓడిపోయిన మిగతా పదకొండు ఆటల్లోనూ
ఆయన అంతే గట్టిగా అరిచారని
ఎవరూ లెక్కపెట్టలేదు.

ఒకటి మాత్రం చెప్పాలి.
వాన వెలిసిన ఓ మధ్యాహ్నం
తుప్పు స్తంభం కింద నిలబడి
జడ ముడేసుకుంటున్నాను.
"తప్పుకోయే!"
ఎందుకని అడక్కుండా దూకాను.
బోర్డు, రింగు, బోల్టులతో సహా
నేను నిలబడ్డ చోట పడ్డాయి.
ఆ కేకకి నేను బాకీ.
ఆ ఒక్కదానికే.

ఇప్పుడు ఈల నా మెడలో ఉంది.
మాస్టారు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటారు.
గొంతు ఆపరేషనయ్యాక
మాట ఉత్త గాలిలా వస్తుంది.
అరవనని ఒట్టేసుకుని ఈ ఉద్యోగంలో చేరాను.
పద్దెనిమిది రోజులు నిలబడింది ఆ ఒట్టు.

పందొమ్మిదో రోజు
సుకాంతి సబర మూడోసారి బంతి జారవిడిచింది.
నా నోట్లోంచి గవరయ్య మాస్టారు
చెప్పులతో సహా బయటికొచ్చారు.
"ఓలే గుంటా, సేతులేటివి..."

కొండ మీంచి వచ్చిన పిల్ల.
ఇంట్లో సవర, బడిలో ఒడియా,
తెలుగు సంతలో బేరమాడేంత.
బంతిని చంకలో పెట్టుకుని
దగ్గరకొచ్చి ఒడియాలో నెమ్మదిగా అడిగింది:
"అర్థం కాలేదు దీదీ.
ఏం చెయ్యాలో మళ్లీ చెప్పు, చేస్తాను."

మళ్లీ చెప్పబోయాను.
కేకలోంచి చప్పుడు తీసేసి
మిగిలింది అరచేతిలో వేసుకుని చూశాను.
వేరుశనగ అనుకుని వలిస్తే
డొల్ల.

వెతుక్కుని వెతుక్కుని
"వేళ్లు విప్పు. చేతిలోకి వచ్చేదాకా బంతినే చూడు"
అన్నాను ఒడియాలో, క్రియలు తప్పుతూ.
నా వ్యాకరణానికి నవ్వింది.
నాలుగోసారీ జారింది.
అయిదోసారి కాస్త ఆగింది,
వేళ్ల చివర్న, తూనీగలాగా.
దీంతో ఏదో తేలిపోయిందని అనను.
వచ్చే నెల బరంపురం మీద
ఓడిపోతామనే నా లెక్క.

చీకటి పడుతుంటే
కుర్చీ లోపల పెట్టడానికి వెళ్లాను.
మాస్టారు నా ముంజేయి పట్టుకున్నారు.
చెవి ఆయన నోటికి ఆనించాను.
ఊరవతలి రైలుగేటు దాకా వినిపించిన మనిషి
అంగుళం దూరం మాటని దాటించడానికి
మూడుసార్లు ఊపిరి తీసుకుని,
"కందికట్టెలు కావే," అన్నారు.
"అప్పుడు కూడా కావు."

గోడ అవతల
జీడిపిక్కలు కొడుతూనే ఉన్నారు.