నల్ల మార్కర్

బడులు మూసేసిన వారం
మేట్రన్ బైందు మా ఇంటికొచ్చి
నా అరచేతిలో ఒక నల్ల మార్కర్ పెట్టింది.
"నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయటగా, టెన్నే టీచర్.
లోపలికెళ్లే ప్రతి మనిషి ఛాతీ మీదా
పేరు రాయి. కింద టైము వెయ్యి.
అంతే నీ పని."

కైలాహున్ దారిలో, పామాయిల్ తోట నరికేసిన చోట
తెల్ల డేరాలు. నారింజరంగు వల కంచె.
కంచెకి అటు జ్వరం.
ఇటు, పొద్దుటా సాయంత్రం
మా జ్వరం మేమే కొలుచుకునే మేము.

పసుపు సూటు తొడిగాక
ఎవరు ఎవరో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.
కళ్లద్దాల వెనక రెండు తడి చుక్కలు కదుల్తాయి, అంతే.
అందుకని రాసేదాన్ని:
బైందు, పదీ అయిదు.
నర్సు లహాయ్, పదీ అయిదు.
క్లోరిన్ పంపు భుజాన వేసుకొచ్చే కుర్రాడికి మాత్రం
"స్ప్రే" అని రాసేదాన్ని.
తొందరలో అలా అలవాటైంది.
తొందరే అనుకునేదాన్ని.

పొద్దున్నే టార్పాలిన్ కింద నిలబడి మీటింగు.
మేట్రన్ ముందు తనకి తెలియనివి చెప్పేది.
"సెలైన్ లారీ వంతెన దాటిందో లేదో తెలీదు.
జెబ్బేకి ఎక్కడ అంటుకుందో తెలీదు.
వానలు వెనకబట్టేలోపు ఇది తగ్గుతుందా అంటే, తెలీదు.
తెలిసిందొక్కటే: గంట దాటి లోపల ఎవరూ ఉండకూడదు.
బయటికొచ్చి సూటు విప్పేటప్పుడు
చూస్తున్నవాళ్ల మాటే మాట."

అంతకు ముందువారం ఫ్రీటౌన్ నుంచి జీపులో వచ్చిన ఆఫీసరు
"అంతా అదుపులోనే ఉంది" అని చెప్పి వెళ్లాడు.
ఆ రాత్రే ముగ్గురు ఆయాలు పని మానేశారు.
ఈవిడ "తెలీదు" అన్న రోజు
ఇద్దరు తిరిగొచ్చారు, తమ అన్నం గిన్నెలతో సహా.

ఆ మధ్యాహ్నం వాన.
మూడో డేరాలో ఆరేళ్ల పిల్ల సూది గుచ్చనివ్వడం లేదు.
గంటయింది. గంటా పావయింది.
నా పుస్తకంలో బైందు పేరుకి ఎదురుగా
బయటికొచ్చిన టైము రాయాల్సిన గడి
ఖాళీగా నన్నే చూస్తోంది.

వచ్చింది. బూట్లలో చెమట చప్పుడవుతోంది.
ముందు చేతులు, తర్వాత ఏప్రాన్, తర్వాత మళ్లీ చేతులు,
పద్దెనిమిది మెట్లు. అన్నీ ఆవిడ రాయించినవే.
నిలబడ్డచోటే కాస్త తూలి
ఒక చెయ్యి కళ్లద్దాల వైపు లేపింది.

"ఆగు!"

మేట్రన్ అనలేదు, అమ్మా అనలేదు.
ఉత్తి "ఆగు".
పోయినేడాది దాకా సంతలో మోటారుసైకిళ్లు కడిగిన కుర్రాడి గొంతు అది.
లహాయ్ బిగుసుకుపోయాడు. నేను మార్కర్ మూత కొరికాను.
ఆ చెయ్యి
ముఖానికి జానెడు దూరంలో
గాల్లోనే నిలిచిపోయింది.

"చెయ్యి దించు. మళ్లీ మొదట్నుంచీ."
దించింది.
"వేళ్ల మధ్య."
రుద్దింది.
"ఇప్పుడు తిరుగు."
తిరిగింది, బడిలో చేరిన తొలిరోజు పిల్లలా.
టార్పాలిన్ మీద వాన గులకరాళ్లు పోస్తూనే ఉంది.
ముసుగు ఊడేసరికి ఆవిడ ముఖం మీద
కళ్లద్దాల గీతలు, గిన్నె అంచు నొక్కినట్టు.
ఏమీ అనలేదు. నీళ్లు తాగింది.

మర్నాడు మీటింగులో, తెలియనివాటికన్నా ముందు చెప్పింది:
"నిన్న నా చెయ్యి నా మాట వినలేదు.
టాంబా మాట వింది."

టాంబా.
నేను తల వంచుకుని మార్కర్ మూత తీశాను.
ఎంత చిన్న పేరు.
రాయడానికి రెండు క్షణాలు పట్టింది.

సాయంత్రాలు సూట్లన్నీ గోతిలో వేసి కాల్చేవాళ్లు.
నా గుండ్రటి అక్షరాలు ముడుచుకుని పొగయ్యేవి.
పొద్దున్నే మళ్లీ రాసేదాన్ని.

ఆ పిల్ల ఏమైందని అడుగుతారు అందరూ.
బతికింది. వాళ్లమ్మ బతకలేదు.
సెలైన్ లారీ అయిదో రోజున వచ్చింది.

బడి తెరిచి ఏడాదిన్నర.
బోర్డు మీద ఎవరి పేరు రాసినా
ఈ చెయ్యి కింద టైము కూడా వేసేస్తుంది.
పిల్లలు నవ్వుతారు.
నేను చెరపను.