ఒక చెయ్యి దారంలో

అంబత్తూరు ఎస్టేటులో
అట్టపెట్టెల షెడ్డు ఆయనది.
జిగురు ఉడికే వాసన మధ్య
నా పన్నెండు స్లైడులు చూపించాను.
మల్లెపూలు మూడు రోజులు వాడని పెట్టె
అని మొదలుపెట్టి
ఐదో ఏడాది ఆదాయం దాకా
ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

మునికన్నయ్య గారు ల్యాప్‌టాప్ వైపు చూడలేదు.
పెట్టె తిరగేశారు, అడుగు తట్టారు,
మూత వాసన చూశారు.
"పూలు కట్టే మనిషిని చూశావా ఎప్పుడైనా?"
చూశానన్నాను.
"చూడ్డం కాదు. పక్కన కూర్చున్నావా?"

మర్నాడు తెల్లవారుజామున మూడింటికి
కోయంబేడు.
తడి గోనెల మీద జారుతూ
మూటలు మోసేవాళ్ళ తిట్లకి తప్పుకుంటూ
పూంగొడి పక్కన జానెడు చోటు సంపాదించాను.
ఆమె మూత తీయబోయి, ఆగి,
"దీనికి రెండు చేతులు కావాలా?
నాకు ఒక చెయ్యి ఎప్పుడూ దారంలోనే కదమ్మా"
అంది తమిళంలో,
మోచేతి నుంచి వేలి కొస దాకా మూర కొలుస్తూ,
నా ఎనిమిది నెలల పనినీ
అదే మూరతో కొలిచినట్టు.

ఏడుపు రాలేదు. ఆకలేసింది.
బయట బండి దగ్గర ఇడ్లీ తింటూ
ఎడమచేత్తో సాంబారు గిన్నె మూత
తీస్తూ పెడుతూ కూర్చున్నాను,
బండివాడు కసిరేదాకా.

తర్వాతి ఆరు వారాలూ మూతలే.
జారేది, మడిచేది,
మోకాలితో నొక్కితే తెరుచుకునేది.
ఆయన ఏదీ బాగుందనలేదు,
బాగులేదనీ అనలేదు.
షెడ్డు మూలన ఒక బల్ల ఖాళీ చేయించి
కత్తిరింపు మిషను దగ్గరి వాళ్ళతో చెప్పారు:
"ఈ పిల్ల అడిగిన అట్ట ఇవ్వండి. చిట్టాలో రాయండి."
ఊరికే ఇస్తున్నారనుకున్నాను.
నెలాఖరుకి బిల్లు వచ్చింది,
రెండు వేల మూడొందల నలభై.
కోపం వచ్చింది. కట్టాను.
కట్టిన రోజు నుంచీ
ఒక్క అట్టముక్క పారేయడానికి చెయ్యి రాలేదు.

ఏడో వారం ధర లెక్క రాసుకెళ్ళాను.
అట్ట, మైనం పూత, తడిగుడ్డ, ఆటో బాడుగ,
అడుగున లాభం, దాని కింద రెండు గీతలు.
కళ్ళజోడు నుదుటికి ఎత్తుకుని
చాలాసేపు చదివారు.
"అన్నీ ఉన్నాయి. ఒక మనిషి కూలి లేదే."
ఎవరిదన్నాను.
పెన్సిలు నా వైపు తోశారు.

నా పేరు రాయడానికి సిగ్గేసింది.
పేరు పక్కన అంకె వేయడానికి ఇంకా సిగ్గేసింది.
ఉచితంగా చేస్తేనే ఇష్టమని
నాకెవరు నేర్పారో, ఎప్పుడు నేర్పారో.
రాశాను.
పెట్టె ధర పదకొండు రూపాయలు పెరిగింది.
"ఇప్పుడు అమ్ము" అన్నారు.
"ఈ ధరకి ఎవరూ కొనకపోతే
నువ్వు చేస్తున్నది వ్యాపారం కాదు, వ్రతం."

పూంగొడి పెట్టె కొనలేదు.
అద్దెకి అడిగింది, రోజుకి నాలుగు రూపాయలు.
అది నా పన్నెండు స్లైడుల్లో ఎక్కడా లేదు.

ఇప్పుడా మూల బల్లకి అద్దె కడుతున్నాను.
మునికన్నయ్య గారికి వినికిడి తగ్గింది.
మిషను ఆగినప్పుడు మాత్రం
ఠక్కున తలెత్తుతారు.

నిన్న తిరువొత్తియూరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు,
చేపల బుట్టలో పెట్టే ఏదో సెన్సారు పట్టుకుని.
ఊపిరి తీసుకోకుండా చెబుతున్నాడు.
నాకు నోరు దురద పెట్టింది,
మూత గురించి, కూలి గురించి, అన్నీ
ఒక్కసారే చెప్పేయాలని.
ఆపుకున్నాను. పూర్తిగా కాదు.

"చేపలమ్మే ఆవిడ చేతులు
ఆ వేళకి ఎలా ఉంటాయి?"
"అంటే?"
"తడిగానా, పొడిగానా?"

వాడు స్క్రీను వైపు చూశాడు.
అందులో లేదు.